ఐఎల్ఓ స్కోర్ శిక్షణ: యాభై నుంచి రెండొందల యాభై మంది ఉన్న ఫ్యాక్టరీకి గిట్టుబాటవుతుందా?

యాభై మందిలోపు ఉన్న ఫ్యాక్టరీలో యజమానికి ప్రతి మనిషీ పేరుతో సహా తెలుసు. మూడొందలు దాటితే హెచ్ఆర్ అని బోర్డు పెట్టిన గది ఒకటి ఎలాగూ వస్తుంది. ఇబ్బందంతా ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాళ్లదే. పనిలోకి ఎవర్ని తీసుకోవాలో సూపర్‌వైజర్ చెబుతాడు, జీతంలో ఎంత కోయాలో అకౌంటెంట్ చూస్తాడు, ఎవరు ఎందుకు మానేశారో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్ఓ, 2009లో మొదలుపెట్టిన స్కోర్ శిక్షణ సరిగ్గా ఈ సైజు యూనిట్ల కోసం తయారైంది. పోటీని తట్టుకునే, బాధ్యతగల సంస్థలను నిలబెట్టడం అనే ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపమే ఈ స్కోర్. స్విట్జర్లాండ్, నార్వే ప్రభుత్వాల ఆర్థిక సాయంతో భారత్, చైనా, ఇండోనేషియా, వియత్నాం, ఘనా, కెన్యా, దక్షిణాఫ్రికా, కొలంబియా, పెరూ వంటి దేశాల్లో నడిచింది.

తీర్పు ముందే చెప్పేస్తే, మొదటి మాడ్యూల్, అంటే శిక్షణలో మొదటి భాగం, పెట్టిన డబ్బుకు, సమయానికి తగ్గ సరుకే. మానవ వనరుల మీద ఉన్న నాలుగో మాడ్యూల్ మాత్రం సగం దారి తీసుకెళ్లి వదిలేస్తుంది. మిగిలిన సగం, అంటే కూలి లెక్కా సూపర్‌వైజరూ, యజమాని చేతుల్లోనే ఉంటుంది. ఆ సంగతి తెలిసి దిగినవాళ్లకు పనికొస్తుంది. తెలియక దిగితే గోడల మీద రంగురంగుల పోస్టర్లు మిగులుతాయి.

ఏమేం ఇస్తారు

ప్రధాన మాడ్యూళ్లు ఐదు. మొదటిది పనిచోట సహకారం, ఇది అందరికీ తప్పనిసరి. తర్వాత నాణ్యత, వృథా తగ్గించే శుభ్రమైన ఉత్పత్తి, మానవ వనరుల నిర్వహణ, భద్రత-ఆరోగ్యం. ఈ నాలుగింటిలో అవసరమైనవి ఎంచుకోవచ్చు. ప్రతి మాడ్యూల్ సాగే తీరు ఒకటే. ముందు ట్రైనర్ ఫ్యాక్టరీకి వచ్చి ఇప్పటి పరిస్థితి ఏమిటో చూసి అంకెలు రాసుకుంటారు. ఆ తర్వాత నాలుగైదు కంపెనీల వాళ్లను ఒకే హాల్లో కూర్చోబెట్టి రెండు రోజుల క్లాసు. అది అయ్యాక రెండు మూడు నెలల వ్యవధిలో ట్రైనర్ మళ్లీ మీ ఫ్యాక్టరీకే వస్తారు, మామూలుగా మూడు సార్లు. కంపెనీలో మేనేజర్లూ పనివాళ్లూ కలిసిన ఒక మెరుగుదల బృందం ఏర్పడాలి, ఆ బృందం ఒక ప్రణాళిక రాయాలి, ప్రతి పనికీ ఒక పేరూ ఒక తేదీ ఉండాలి.

వేరే కంపెనీల వాళ్లతో కలిపి కూర్చోబెట్టడం చూసి కొందరు యజమానులు మొహం చిట్లిస్తారు, మా రహస్యాలు బయటపడతాయని. ఆ భయానికి పెద్ద ఆధారం లేదు, పైగా ఈ పద్ధతికి మంచి రుజువు ఉంది. కొలంబియాలో కార్ల విడిభాగాలు తయారుచేసే 159 కంపెనీల మీద జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. ఒక్కో కంపెనీకి విడిగా కన్సల్టెంట్‌ను పంపినా, కొన్ని కంపెనీలను గుంపుగా చేర్చి నేర్పినా నిర్వహణ పద్ధతులు ఇంచుమించు ఒకే స్థాయిలో మెరుగుపడ్డాయి. గుంపు పద్ధతికి అయిన ఖర్చు మాత్రం మూడో వంతే. స్కోర్ ఈ రెంటినీ కలిపి వాడుతుంది: పాఠం గుంపుగా, ఆచరణ విడిగా.

ఎవర్ని పంపుతున్నారు

ఈ సేవ ఫలితం సగం ఇక్కడే తేలిపోతుంది. ఒక్కో కంపెనీ నుంచి సాధారణంగా నలుగురు వెళ్తారు: ఇద్దరు మేనేజ్‌మెంట్ తరఫున, ఇద్దరు పనివాళ్ల తరఫున. పనివాళ్ల తరఫున ఎవరు వెళ్లాలో యజమానే తేల్చేస్తే, వెళ్లేది యజమాని మాటకు తలూపేవాళ్లే. అలాంటివాళ్లు తిరిగొచ్చి ఏం చెప్పినా షాప్‌ఫ్లోర్‌లో ఎవరూ చెవిన పెట్టరు. యూనియన్ ఉంటే యూనియన్‌నే పేర్లు అడగాలి. లేకపోతే ప్రతి సెక్షన్ నుంచీ ఇద్దరేసి పేర్లు పనివాళ్లనే చెప్పమని, వాళ్లలోంచి తీసుకోవాలి. లైన్లో ఎక్కువమంది ఆడవాళ్లు ఉండి, బృందంలో అందరూ మగవాళ్లే కూర్చుంటే ఆ బృందానికి మరుగుదొడ్ల సంగతీ, షిఫ్టు అయ్యాక ఇంటికి వెళ్లే బస్సు సంగతీ తట్టవు.

మేనేజ్‌మెంట్ తరఫున వెళ్లేవాళ్లలో ఒకరికి ఖర్చు మంజూరు చేసే అధికారం ఉండి తీరాలి. హెచ్ఆర్ అసిస్టెంట్‌నూ, ఖాళీగా కనిపించిన స్టోర్స్ ఇన్‌చార్జినీ పంపి చేతులు దులుపుకునే కంపెనీలు ఉన్నాయి. వాళ్లు తిరిగొచ్చి రెండు ట్యూబ్‌లైట్లు, ఒక ర్యాక్ అడిగితే మూడు వారాలు పడుతుంది. ఈలోగా మొదటి సందర్శన తేదీ వచ్చేస్తుంది, ట్రైనర్ వచ్చి చూస్తే ఎక్కడి గొంగళి అక్కడే. కాంట్రాక్టు మనుషులు ఎక్కువగా ఉన్న యూనిట్లలో ఇంకో చిక్కు ఉంది. కాంట్రాక్టు వాళ్లు మా మనుషులు కారని వాళ్లను బృందంలో వేసుకోరు. కానీ వచ్చిపోయేదీ, దెబ్బలు తగిలించుకునేదీ, సరుకు పాడయ్యేదీ ఎక్కువగా వాళ్ల దగ్గరే. ఒకరినైనా కూర్చోబెట్టకపోతే బృందం రాసే ప్రణాళిక ఫ్యాక్టరీలో సగానికే వర్తిస్తుంది.

ముందు మూడు నెలల అంకెలు

ట్రైనర్ మొదటిసారి వచ్చినప్పుడు అంకెలు అడుగుతారు. చాలా యూనిట్లలో ఆ రోజు కూర్చుని గుర్తున్నంత వరకు చెప్పేస్తారు, ఆ తర్వాత వచ్చే 'మెరుగుదల' అంతా ఆ ఊహ మీదే లెక్క కడతారు. శిక్షణకు డబ్బు కట్టే ముందే మూడు నెలల లెక్కలు తీసి పెట్టుకోవాలి. పెద్ద కష్టమేమీ కాదు, హాజరు పట్టీ, జీతాల పట్టీ ఉంటే చాలు.

గైరు హాజరు లెక్క ఇది: 120 మంది, నెలకు 26 పనిదినాలు అనుకుంటే మొత్తం 3,120 మనిషి-రోజులు. అందులో 250 రోజులు మనుషులు రాకపోతే గైరు హాజరు 8 శాతం. ఇందులో ముందుగా చెప్పి తీసుకున్న సెలవును, చెప్పకుండా మానేసిన రోజులను విడదీయాలి. రెంటికీ మందు వేరు.

మానేసేవాళ్ల లెక్క ఇంకా ముఖ్యం, తప్పులు జరిగేది కూడా ఇక్కడే ఎక్కువ. అదే 120 మంది యూనిట్లో మూడు నెలల్లో 27 మంది మానేశారనుకుందాం. నెలకు సగటున 9, అంటే 7.5 శాతం. ఆ ఒక్క అంకె చూసి యజమాని 'జీతాలు పెంచాలి కాబోలు' అనుకుంటాడు. మానేసిన 27 మందిలో ఒక్కొక్కరూ ఎన్ని రోజులు పనిచేశారో పక్కన రాస్తే చిత్రం మారిపోతుంది. 20 మంది మొదటి 60 రోజుల్లోనే వెళ్లిపోయి ఉంటే, పాతవాళ్లు నిలబడుతున్నారనే అర్థం. లోపం పనిలోకి తీసుకునే తీరులోనో, మొదటి నెల గడిచే తీరులోనో ఉంది. అందరికీ జీతం పెంచినా ఆ కన్నం పూడదు.

ఈ మొదటి నెల సమస్య చిన్న యూనిట్ల చేతగానితనం కాదు. ఇథియోపియాలో ఐదు కంపెనీల ఉద్యోగాలను దరఖాస్తుదారుల్లో లాటరీ పద్ధతిలో ఇచ్చి వాళ్లను వెంటాడి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఉద్యోగం దొరికినవాళ్లలో ఏడాది తిరిగేసరికి నాలుగింట మూడు వంతుల మంది అది వదిలేశారు, చాలామంది తొలి నెలల్లోనే. కొత్త ఫ్యాక్టరీ కొలువును వాళ్లు జీవితకాలపు ఉద్యోగంగా చూడలేదు, చేతిలో ఏమీ లేనప్పుడు ఆదుకునే దారిగా చూశారు. యజమానులు దీన్ని 'క్రమశిక్షణ లేదు' అని కొట్టిపారేస్తుంటారు. స్కోర్ పాఠాల్లో ఈ వైపు విశ్లేషణ పలుచగా ఉంది. మానేసేటప్పుడు కారణం అడిగి రాసుకోమంటారు, అంతవరకు మంచిదే. కానీ మానేసే రోజున ఎవరూ నిజం చెప్పరు, 'ఇంట్లో బాగోలేదు' అనేస్తారు. చేరిన పదో రోజున, ముప్పయ్యో రోజున, సూపర్‌వైజర్ పక్కన లేకుండా, రెండు నిమిషాలు అడిగితే అసలు మాట బయటికి వస్తుంది.

రెండు రోజుల క్లాసు

దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఉపన్యాసాలు తక్కువ, ఆటలూ గుంపు పనులూ ఎక్కువ. మేనేజరూ పనివాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే కాగితం మీద రాయడం చాలామందికి కొత్త, మొదటి పూట ఇబ్బందిగానే ఉంటుంది. పాఠ్య సామగ్రి నాణ్యత స్థానిక అనువాదాన్ని బట్టి ఉంటుంది. క్లాసుకు ముందే చేతి పుస్తకం తెప్పించుకుని, మీ పనివాళ్లలో ఒకరి చేత ఒక పేజీ చదివించి చూడండి. చదవలేకపోతే బొమ్మలతో ఉన్న సామగ్రి కావాలని ముందే అడగాలి, హాల్లో అడిగితే దొరకదు.

సందర్శనలు: అసలు సరుకు ఇదే

మొదటి మాడ్యూల్‌లో నేర్పే పనిముట్లు నాలుగు. ఫైవ్ ఎస్, అంటే అక్కర్లేనివి తీసేసి, ఉన్నవి సర్ది, శుభ్రం చేసి, అదే పద్ధతిని ప్రమాణంగా మార్చి నిలబెట్టడం. షిఫ్టు మొదట్లో చిన్న మీటింగు. అంకెలు రాసే బోర్డు. సూచనల పథకం. అన్నీ తెలిసినవే అనిపిస్తాయి, కానీ ప్రతిదీ ఎక్కడ చెడుతుందో తెలిసిన ట్రైనర్ దొరకడమే ఈ సేవలో విలువైన భాగం.

ఫైవ్ ఎస్ చెడేది మూడో అడుగు దగ్గర. సందర్శనకు ముందు రోజు అందరూ చీపుర్లు పట్టుకుంటారు, ఫోటోలు తీస్తారు, వారం తర్వాత ట్రాలీ మళ్లీ దారికి అడ్డంగా ఉంటుంది. దీనికి మందు మొదటి అడుగులోనే ఉంది. అక్కర్లేని సామానుకు ఎర్ర ట్యాగు కట్టి, దాని మీద తేదీ రాసి, 30 రోజుల్లో ఎవరూ వాడకపోతే అమ్మేయడమో పారేయడమో చేయాలి. పారేసే అధికారం ఎవరికుందో ముందే తేల్చకపోతే, ట్యాగు కట్టిన సామానుతో ఇంకో మూల నిండుతుంది. మార్కింగ్ గీతలకు నేల మీద అంటించే టేపు వాడితే ట్రాలీ చక్రాల కింద నెలకే లేచిపోతుంది. నేల పెయింట్ వేయించడమే నయం, అయితే వేసే ముందు నూనె మరకలు కడగాలి.

మీటింగు పది నిమిషాలు దాటకూడదు, నిలబడే జరగాలి. నిన్నటి అంకె, ఇవాళ్టి పని, ఒక సమస్య, అంతే. సూపర్‌వైజర్ ఒక్కడే మాట్లాడి అందర్నీ తిట్టే వేదికగా మారిందంటే ఆ మీటింగు ఆపేయడం మేలు. ట్రైనర్ మొదటి సందర్శనలో తాను మాట్లాడకుండా పక్కన నిలబడి, పనివాళ్ల నోట ఎన్ని మాటలు వచ్చాయో చూడాలి. మంచి ట్రైనర్లు అలాగే చేస్తారు.

సూచనల పెట్టె సంగతి తెలిసిందే: పెట్టిన వారం కాగితాలతో నిండుతుంది, రెండో నెలకు దుమ్ముతో. కారణం జవాబు రాకపోవడం. ప్రతి సూచనకూ ఏడు రోజుల్లో బోర్డు మీద జవాబు ఉండాలి: ఫలానా తేదీకి చేస్తాం, లేదా ఫలానా కారణానికి చేయలేం. కాదన్నా ఫరవాలేదు, కారణం రాస్తే పనివాళ్లు అర్థం చేసుకుంటారు. లెక్కపెట్టాల్సింది వచ్చిన సూచనలు కాదు, అమలైనవి. పెట్టె తాళం సూపర్‌వైజర్ దగ్గర ఉంటే అందులో అతని గురించి ఒక్క కాగితమూ పడదు, ఇది మాత్రం ఎన్నో చోట్ల మర్చిపోతారు.

బోర్డు మీద అంకెలు పనివాళ్లు చేతితో రాస్తేనే బతుకుతాయి. ఆఫీసులో ప్రింటు తీసి అంటించిన గ్రాఫులను ఎవరూ చూడరు. లైన్‌కు మూడు అంకెలు చాలు: ఎంత చేశాం, ఎంత పాడైంది, ఎవరు రాలేదు. మూడోదాని కింద పేర్లు రాసి సిగ్గుపడేలా చేయవద్దు, సంఖ్య చాలు.

నాలుగో మాడ్యూల్: హెచ్ఆర్

చాలా కంపెనీలు మొదటి మాడ్యూల్ దగ్గరే ఆగిపోతాయి. ఇక్కడి దాకా వచ్చినవాళ్లకు దొరికేది పనిలోకి తీసుకోవడం, ఉద్యోగ వివరణ, శిక్షణ, పనితీరు చూడటం, ప్రోత్సాహకాలు, ఫిర్యాదుల పరిష్కారం వంటి విషయాల మీద ఫారాలూ పద్ధతులూ. వీటిలో బాగా పనికొచ్చేది నైపుణ్యాల పట్టిక. నిలువు వరసలో మనుషుల పేర్లు, అడ్డ వరసలో యంత్రాలు లేదా పనులు. ప్రతి గడిలో ఒక సున్నా చుట్టి, అందులో పావు నింపితే నేర్చుకుంటున్నాడని, సగం నింపితే ఎవరైనా చూస్తుంటే చేయగలడని, ముప్పావు అయితే ఒంటరిగా చేస్తాడని, పూర్తిగా నింపితే ఇంకొకరికి నేర్పగలడని. ప్రతి యంత్రం కింద కనీసం ముగ్గురికి ముప్పావుకు తగ్గకుండా ఉండాలి. ఒక్కరే ఉన్న గడిని ఎర్రగా గుర్తు పెట్టండి. ఆ మనిషి జ్వరం పడిన రోజు లైన్ ఆగిపోతుంది. పట్టిక నింపేది సూపర్‌వైజర్ ఒక్కడే అయితే తనకు నచ్చినవాళ్లందరికీ నిండు సున్నాలు పడతాయి. పనివాడి చేత కూడా నింపించి, తేడా వచ్చిన గడుల్లో పని చేయించి చూడాలి.

ఉద్యోగ వివరణలు మాత్రం ఇచ్చిన నమూనాలను యథాతథంగా నింపితే ఫైళ్లలో నిద్రపోతాయి. ఒక పేజీ దాటకూడదు: చేయాల్సిన పనులు ఐదారు, ఎవరికి జవాబుదారీ, ఏ అంకెతో కొలుస్తారు. కొత్తవాణ్ని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూ కంటే పని చేయించి చూడటం ఎక్కువ నమ్మదగ్గ పద్ధతి. ఇరవై నిమిషాలు యంత్రం దగ్గర నిలబెట్టి, చేసినవి ఎన్ని, బాగున్నవి ఎన్ని అని రాసుకుంటే చాలు.

తెలిసినవాళ్ల ద్వారా మనుషుల్ని తెచ్చుకోవడం మీద పాఠాల్లో అనుమానంగా మాట్లాడతారు, పారదర్శకత లేదని. ఇది సగమే నిజం. బంగ్లాదేశ్ బట్టల ఫ్యాక్టరీల మీద వచ్చిన పరిశోధన ప్రకారం, తెచ్చినవాడి కూలి తాను తెచ్చినవాడి పనితీరుతో ముడిపడినప్పుడు ఈ పద్ధతి కంపెనీకి పనికొస్తుంది, ఎందుకంటే తెచ్చినవాడే కొత్తవాడి మీద కన్నేసి ఉంచుతాడు. దీని రెండో ముఖం మలావీలో చేసిన ప్రయోగంలో బయటపడింది: మీకు నచ్చినవాళ్లను తీసుకురండి అని మగవాళ్లకు చెబితే, వాళ్లు తెచ్చినవాళ్లలో ఆడవాళ్లు బాగా తక్కువ. కాబట్టి పరిచయాల దారిని మూసేయనక్కర్లేదు. గేటు దగ్గర నోటీసు కూడా పెట్టి, రెండు దారుల్లో వచ్చినవాళ్లకూ ఒకే పని పరీక్ష పెడితే సరిపోతుంది.

కూలి దగ్గర మౌనం

ఈ సేవలో పెద్ద లోపం ఇదే. ప్రోత్సాహకాల గురించి పాఠం ఉంది, కానీ పీస్ రేటు మీద, అంటే చేసిన పీసుల లెక్కన కూలి ఇచ్చే పద్ధతి మీద, నడిచే ఫ్యాక్టరీలో మిగతా పాఠాలన్నీ పనివాడి జేబుకు ఏం చేస్తాయో ఎవరూ లెక్క కట్టి చూపరు. లెక్క చాలా తేలిక. గంటకు 20 పీసులు చేసేవాడు రోజూ పావుగంట మీటింగులో, సర్దుళ్లలో గడిపితే రోజుకు 5 పీసులు పోతాయి. 26 రోజులకు 130. ఎనిమిది గంటల రోజుకు 160 అనుకుంటే నెలకు ముప్పావు రోజుకు పైనే కూలి పోయినట్టు. అతను ఫైవ్ ఎస్ అంటే ఎందుకు మొహం తిప్పుకుంటాడో 'వైఖరి' అనే మాటతో తేల్చేయడం అన్యాయం.

దీనికి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ఫుట్‌బాల్ పరిశ్రమ నుంచి వచ్చిన ఉదాహరణను మించింది లేదు. అక్కడ రెక్సిన్ షీటులోంచి ఐదు కోణాల ముక్కలు కోసే కొత్త అచ్చు ఒకదాన్ని పరిశోధకులు కంపెనీలకు ఉచితంగా ఇచ్చారు. ముక్కల అమరిక మారడం వల్ల వృథా తగ్గుతుంది, లాభం ఖాయం. అయినా చాలా కంపెనీలు వాడలేదు. కారణం కోసేవాళ్ల కూలి ముక్కల లెక్కన ఉండటం. కొత్త అచ్చు మొదట్లో చేతిని నెమ్మది చేస్తుంది, మిగిలిన రెక్సిన్ లాభం యజమానికి, తగ్గిన ముక్కల నష్టం కోసేవాడికి. దాంతో ఆ అచ్చు పనికిరాదని వాళ్లే యజమానులకు చెప్పారు. కొత్త అచ్చు వాడటం వచ్చని యజమాని ఎదుట చూపిస్తే సుమారు నెల కూలి ఇస్తామని కోసేవాళ్లకూ, ముద్ర వేసేవాళ్లకూ ఆశ చూపించాక కంపెనీలు దాన్ని వాడటం గణనీయంగా పెరిగింది. ఈ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి.

కాబట్టి శిక్షణ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే యజమాని ఒక నిర్ణయం తీసుకోవాలి: మీటింగు, శిక్షణ, సర్దుడు సమయానికి గత మూడు నెలల సగటు సంపాదన లెక్కన గంట కూలి ఇస్తాం. కొత్త పద్ధతి నేర్చుకునే మొదటి నాలుగు వారాలూ పాత సగటు కంటే తక్కువ రానివ్వం. దీన్ని బోర్డు మీద రాసి పెట్టాలి. ఉత్పత్తి పెరిగాక పీస్ రేటు తగ్గించే అలవాటు ఉన్న కంపెనీలో మాత్రం ఈ శిక్షణే వద్దు. ఒక్కసారి రేటు కోస్తే, ఆ తర్వాత ఎంత మంచి ట్రైనర్ వచ్చినా పనివాళ్లు తమకు తెలిసిన కిటుకు ఒక్కటీ బయటపెట్టరు.

మాట వినడం మీద మాత్రం ఈ మాడ్యూల్ సరైన దారిలోనే ఉంది. బెంగళూరు బట్టల ఫ్యాక్టరీల్లో చేసిన ప్రయోగంలో, ఆశించినంత పెరగని వేతన పెంపు తర్వాత కొందరు పనివాళ్ల చేత పేరు చెప్పనక్కర్లేని సర్వే నింపించారు. జీతం మారలేదు, వాళ్ల అభిప్రాయం అడిగారంతే. సర్వే నింపినవాళ్లు మానేసే అవకాశం మిగతావాళ్ల కంటే సుమారు 20 శాతం తగ్గింది. దీన్ని చూసి 'జీతం బదులు సర్వే' అనుకునే యజమానులకు ఒక్క మాట: ప్రతి ఏటా అడిగి ఏమీ చేయకపోతే ఆ మందు రెండోసారి పనిచేస్తుందని ఎవరూ నిరూపించలేదు.

ఇదే డబ్బుతో ఇంకేం దొరుకుతుంది

సొంత కన్సల్టెంట్‌ను పెట్టుకోవచ్చు. ముంబై దగ్గరి తారాపూర్, ఉమర్‌గావ్ నేత మిల్లుల్లో ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసిన ప్రయోగం ప్రసిద్ధం. 17 కంపెనీలు పాల్గొంటే, వాటిలో కొన్నింటి ప్లాంట్లకు ఐదు నెలల పాటు అంతర్జాతీయ కన్సల్టెన్సీ సేవ అందింది, 38 పద్ధతుల మీద పని జరిగింది. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. కానీ ఆ సేవను మార్కెట్లో కొంటే సుమారు 2,50,000 డాలర్లు అవుతుంది. 100 మంది యూనిట్ ఆ మొత్తాన్ని కల్లో కూడా అనుకోదు.

రెండో దారి, పద్ధతులు నేర్చుకునే బదులు ఆ పని తెలిసిన మనిషినే తెచ్చుకోవడం. నైజీరియాలో 753 కంపెనీల మీద చేసిన ప్రయోగంలో అకౌంట్స్, మార్కెటింగ్ పనులకు హెచ్ఆర్ సంస్థ ద్వారా నిపుణుణ్ని ఉద్యోగంలో పెట్టించడం, లేదా ఆ పనిని బయటి సంస్థకు అప్పగించడం, యజమానికి శిక్షణ ఇవ్వడం కంటే బాగా పనిచేశాయి. కన్సల్టింగ్‌తో సమానమైన ఫలితం సగం ఖర్చుకే వచ్చింది. మీ యూనిట్ ఇబ్బంది జీతాల లెక్కలు, చట్టపరమైన రిటర్నులు వంటి కాగితాల పని అయితే ఈ దారే మేలు, స్కోర్ దానికి మందు కాదు. ఇబ్బంది లైన్ మీద, సూపర్‌వైజర్‌కూ పనివాళ్లకూ మధ్య ఉంటే బయటి సంస్థ ఏమీ చేయలేదు, అప్పుడు స్కోర్ పనికొస్తుంది.

ఎన్నాళ్లు నిలుస్తుంది

అవే ముంబై మిల్లులకు సుమారు ఎనిమిదేళ్ల తర్వాత తిరిగి వెళ్లి చూస్తే, ప్రయోగం జరిగిన ప్లాంట్లలో అలవాటైన పద్ధతుల్లో దాదాపు సగం పోయాయి. అయితే అదే యజమానుల ఇతర ప్లాంట్లకు కొన్ని పాకాయి, పోల్చి చూసిన కంపెనీల కంటే వీళ్లు ఇంకా ముందే ఉన్నారు. పద్ధతులు పోవడానికి ఎక్కువగా వినిపించిన కారణాలు రెండు: మేనేజర్ మారిపోవడం, యజమానికి తీరిక లేకపోవడం. ఐదు నెలలు ఫ్యాక్టరీలోనే మకాం వేసిన కన్సల్టెంట్ల పనే అలా అయితే, మూడు సందర్శనల స్కోర్ సంగతి వేరే చెప్పాలా. కార్యక్రమం తన వంతుగా మాడ్యూల్ చివర్లో పరిస్థితి కొలుస్తుంది, కానీ మేనేజర్ మారితే ఏం చేయాలనే దానికి ఆ ప్యాకేజీలో చోటు లేదు.

అందుకని చివరి సందర్శనను పొగడ్తలకూ గ్రూపు ఫోటోకూ వదిలేయకుండా ట్రైనర్ దగ్గర ఒక పని రాబట్టుకోవాలి: అప్పగింత ఫైలు. అందులో మీటింగు ఎలా నడపాలో అర పేజీ, బోర్డు అంకెలు ఎక్కడి నుంచి తీయాలో అర పేజీ, నైపుణ్యాల పట్టిక తాజా ప్రతి, అమలు కావాల్సిన సూచనల జాబితా, పీస్ రేటు హామీ కాగితం. మెరుగుదల బృందంలోని ఒక మేనేజరుకూ ఒక పనివాడికీ చెరొక ప్రతి. కొత్త మేనేజర్ చేరిన వారంలోనే పనివాళ్ల ప్రతినిధి ఆ ఫైలు పట్టుకుని అతనితో ఒక గంట కూర్చోవాలని అతని నియామక ఉత్తర్వులోనే రాయించండి. నాలుగో మాడ్యూల్‌కు డబ్బు కట్టేది మొదటి మాడ్యూల్ అయిన వెంటనే కాదు. మూడు నెలలు ఆగి, ట్రైనర్ రాని ఒక మామూలు మంగళవారం ఉదయం బోర్డు దగ్గరికి వెళ్లి, దాని మీద ఏ తేదీ రాసి ఉందో చూశాక.